వార్డంతా నవ్విన మధ్యాహ్నం

మా మరిది ఏమడిగినా ‘ఆ’ అంటాడు. అన్నం తిన్నావా అంటే ఆ, తినలేదా అంటే ఆ. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నా కొంగు పట్టుకుని తిరిగే పిల్లవాడు. అత్తగారు పోయాక నా చేతికిందే పెరిగాడు. మీసాలొచ్చాయి, మనిషి తల వంచితే తప్ప గుమ్మంలోంచి రాలేనంత పొడుగయ్యాడు, మాట మాత్రం చిన్నప్పటి దగ్గరే ఆగిపోయింది. వదినా, అన్నా, బువ్వ, నీళ్లు, ఇంకో పదో పరకో. చుట్టాలు అడిగితే ‘మావాడు అమాయకుడండీ, మాట తక్కువ’ అనేవాళ్లం. అంతకు మించి ఒక్క ముక్క మా ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. జ్వరమొస్తే డాక్టరుకి చూపించాం, తేలు కుడితే చూపించాం. దీనికి మాత్రం ఎవరికీ చూపించలేదు.

వాడి ‘ఆ’ ఊళ్లో మగవాళ్లకు కాలక్షేపం. బస్సు ఆగే చోట టీ బంకు ముందు కూర్చుని వాడిని పిలిచేవాళ్లు. “ఏరా, ఈసారి ఎమ్మెల్యేగా నిలబడతావంటగా?” “ఆ.” “మీ వదిన నిన్ను రోకలితో కొడతదంటగా?” “ఆ.” ఒకరోజు మిరపచేలోంచి వస్తూ నా చెవులతో విన్నాను. నెత్తిమీద గంప అక్కడే దించి, “మీ ఇళ్లల్లో పెద్దాళ్లు లేరా? మీకు ఇంతకన్నా పనిలేదా? దేవుడు మీ కడుపున ఇట్టాంటోణ్ణి పుట్టిస్తే తెలిసుండేది” అని అందరినీ కడిగేశాను. ఆ తర్వాత నేనటు వస్తుంటే బంకు దగ్గర నోళ్లు మూతబడేవి. అది నాకు బాగానే ఉండేది.

పనిలో వాడికి వంక పెట్టేదేమీ లేదు. చేలకు మందు కొట్టే రోజుల్లో కాలువ నుంచి బిందెలతో నీళ్లు మోసి డ్రమ్ము నింపడం వాడి పని. మందు కొట్టేటప్పుడు వాడికి తొడగడానికి మా ఆయన పాత చొక్కా ఒకటి విడిగా ఉంచాను. మళ్లీ రేపు మందే పడుతుంది కదా, సబ్బు అరగదీయడం ఎందుకని దాన్ని ఉతికేదాన్ని కాదు. దండెం మీద వేసి, మర్నాడు అదే తొడిగేదాన్ని. మా వైపు చాలా ఇళ్లల్లో అంతే.

తొంభైల చివర్లో పత్తికి పచ్చపురుగు పట్టిన ఏడు. ఏ మందు కొట్టినా పురుగు పడలేదు. మా పక్క చేను రైతు ఆ మందే తాగి గట్టు మీద ప్రాణం తీసుకున్నాడు. ఆయన్ని మా మరిది ‘మావా’ అనేవాడు. మధ్యాహ్నం బువ్వ వేళకు మా గట్టు దిగి వాళ్ల గట్టుకు పోయి, ఆయన పక్కన కూర్చుని తినేవాడు. ఆయన వాడిని ఏదీ అడిగేవాడు కాదు. తన చేను సంగతి, ఎద్దుల సంగతి తన పాటికి తాను చెప్పుకుంటూ పోయేవాడు. వీడు వింటూ ఉండేవాడు.

ఆయన్ని ముందు చూసింది మా మరిదే. వాడి కేకలు విని మా ఆయన పరుగెత్తుకుపోయేసరికి ఆయన పోయి ఉన్నాడు. పోలీసులు వస్తారు, పంచనామా అంటారు, ముందు చూసిందెవరని అడుగుతారు. వీడిని అడిగితే ఏం చెబుతాడు? మందు నువ్వే తాగించావా అంటే దానికీ ఆ అంటాడు. “నేనే చూశానని చెప్పండి, గొడవ ఉండదు” అని మా ఆయనకు చెప్పాను. ఆయన అలాగే చెప్పాడు. వీడిని పత్తి గదిలో పెట్టి గొళ్లెం వేశాను. అమాయకులకు శవం గాలి తొందరగా సోకుతుందని మా పెద్దవాళ్లు అనేవారు, నేనూ అదే అన్నాను. శవం మా వీధి మీదుగానే పోయింది. డప్పులు దూరమయ్యేదాకా వాడు లోపల్నుంచి తలుపు బాదుతూనే ఉన్నాడు.

తర్వాత వాడు మెల్లగా మారిపోయాడు. ముద్ద నోట్లో పెట్టుకుని మింగేవాడు కాదు. వసారాలో గోడకు తల కొట్టుకునేవాడు. మంచం మీద పడుకోమంటే వాకిట్లో నేల మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూసేవాడు. “నీకేం పొయ్యేకాలంరా?” అని తిట్టాను. దిష్టి తీశాను. తాయెత్తు కట్టించాను. తాయెత్తు కట్టినాయన “భయపడ్డాడు” అన్నాడు. ఆ ఒక్క మాటన్నా పట్టుకుని ఉంటే సరిపోయేది. నేను తాయెత్తును నమ్మాను, మాటను వదిలేశాను.

ఒకరోజు మందు కొడుతుండగా వాడు బిందె విసిరికొట్టాడు. నేను పది సాళ్ల అవతల పత్తి తీస్తున్నాను. తల ఎత్తి చూస్తే గట్టు మీద పడి కాళ్లు తన్నుకుంటున్నాడు. లుంగీ ఊడిపోయింది. నోటి నిండా చొంగ. పక్కన మందు డబ్బా ఉంది. మా ఆయన పీక తెగేట్టు అరిచాడు, “తాగాడే! వీడూ తాగాడే!”

“ఏరా, తాగావా?” అన్నాను దగ్గరికి పోయి.

“ఆ.”

నేను కూడా నమ్మాను. వాడిని పెంచిన దాన్ని, నేనూ నమ్మాను. నా కొంగే వాడి నడుముకు చుట్టి, రోడ్డు మీద పోతున్న ఆటోని ఆపి, టౌనుకు తీసుకుపోయాం. దారి పొడుగునా వాడు తల ఆటో రాడ్డుకు కొట్టుకుంటుంటే నా అరచెయ్యి అడ్డం పెట్టాను.

ఆ ఆసుపత్రి పేరు రాయను. ఆ డాక్టరుది తప్పని కూడా అనను. ఆ సీజనులో ఆ వార్డు చూసినవాళ్లకు తెలుస్తుంది. మంచాల మీదా, మంచాల మధ్యనా, అందరూ పురుగుమందు తాగినవాళ్లే. కొందరి చేతులు గుడ్డపీలికలతో మంచం కోళ్లకు కట్టి ఉన్నాయి. ఒకాయన కట్టని చేత్తో, గాలిలో పత్తి ఉన్నట్టు ఏరుతున్నాడు, ఏరింది ఒళ్లో వేసుకుంటున్నాడు.

“ఏంటమ్మా అది?” అని ఆయన భార్యను అడిగాను.

“విరుగుడు ఇంజెక్షను పనంట. తాగినోళ్లకి విషం దిగిందాకా ఇస్తారంట. ఇంజెక్షను ఎక్కువైతే ఇట్టా తిక్కతిక్కగా చేస్తారంట” అంది ఆమె.

మా మరిదిని మంచం మీద వేశారు. డాక్టరు చిన్నవాడు, నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. వంగి చొక్కా వాసన చూశాడు. ఆ చొక్కా వాసన గుమ్మం దగ్గరికే కొడుతోంది. చొంగ చూశాడు. ఇంకేం కావాలి?

“తాగావా?” అన్నాడు.

“ఆ.”

“ఎంత తాగావు? సగం డబ్బానా?”

“ఆ.”

“డబ్బా మొత్తమా?”

“ఆ.”

అప్పుడు నాకు తట్టింది. డబ్బా మొత్తం తాగినవాడు టౌను దాకా వస్తాడా? వాడు చెప్పడం లేదు. వాడికి వచ్చిన మాట ఒకటే, అది అంటున్నాడు. పొట్ట కడగడానికి గొట్టం తెచ్చారు. నలుగురు పట్టుకున్నా వాడు ఆగడం లేదు. నర్సు ఇంజెక్షను ఎక్కిస్తోంది.

“డాక్టరు గారండీ, మావాడు దేనికైనా ఆ అనే అంటాడండి” అన్నాను.

“అమ్మా, పక్కకు జరుగు. పేషెంటే చెబుతున్నాడు.”

“వాడు చెప్పట్లేదండీ. తమరు చెబుతున్నారు, వాడు ఆ అంటున్నాడు.”

“అందరూ ఇదే అంటారమ్మా, తాగలా తాగలా అని. పోలీసు కేసు గురించి తర్వాత చూసుకోవచ్చు. టైము లేదు, జరుగు.”

మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. వార్డులో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఉన్నారు, మమ్మల్ని ఎరిగినవాళ్లూ ఉన్నారు. మావాడికి తెలివి ఎదగలేదండీ అని అందరిలో చెప్పాలి. ఆ మాట నా నోటికి అలవాటు లేదు. ఎలా చెప్పాలో కూడా తెలియలేదు. తెలిసింది ఒకటే, టీ బంకు దగ్గర విన్నది. నేను మంచం మీదకు వంగి, గొట్టానికీ వాడి మొహానికీ మధ్య నా తల పెట్టి, గట్టిగా అడిగాను.

“ఒరేయ్, నువ్వు కలెక్టరువా?”

“ఆ.”

డాక్టరు నన్ను జరపబోయాడు. నేను జరగలేదు.

“నీకు ముగ్గురు పెళ్లాలా?”

“ఆ.”

“ఓరినీ! మాకు ఒక్కదానితోనే దిక్కులేదు, ఈయనకు ముగ్గురంట” అన్నాడు ఎవడో వెనకనుంచి. కొందరు నవ్వారు.

“ఒరేయ్, నువ్వు ఆడదానివా?”

“ఆ.”

ఈసారి వార్డంతా నవ్వింది. మొగుడి చెయ్యి కట్టిన గుడ్డ పట్టుకుని ఏడుస్తున్నామె, ఆ కన్నీళ్ల మొహంతోనే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఎన్నాళ్లయిందో పాపం నవ్వి. కానీ మా మరిది నవ్వే మొహాలను ఒక్కటీ చూడలేదు. నన్నే చూస్తున్నాడు. టీ బంకు దగ్గర ఎవరేం అడిగినా పళ్లికిలించి ఆ అనేవాడు. నా దగ్గర పళ్లికిలించలేదు. వదిన ఇలా అడుగుతోందేమిటి అన్నట్టు చూస్తూ, అయినా ఆ అంటున్నాడు. నేను ఆపలేదు. డాక్టరు చెయ్యి ఇంకా గొట్టం మీదే ఉంది.

“ఏరా, నువ్వు నిన్న చచ్చిపోయావంట గదా?”

“ఆ.”

నవ్వు ఆగిపోయింది. డాక్టరు గొట్టం పక్కన పెట్టాడు. టార్చి తెచ్చి వాడి కంటిపాపలు చూశాడు, నాడి పట్టుకున్నాడు, ఒళ్లంతా తడిమాడు. ఆ చొక్కా విప్పించి ఒళ్లు వాసన చూశాడు. “విషం లక్షణాలు లేవు. కాసేపు చూద్దాం” అన్నాడు నర్సుతో. ఇంజెక్షను ఆపించాడు. నా వైపు తిరిగి, “ముందే చెప్పొచ్చుగదమ్మా, పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదని” అన్నాడు. కసరలేదు, మామూలుగానే అన్నాడు. తలుపు అవతల ఎవరో “అందుకేగా, అమాయకుడు అమాయకుడు అనేవాళ్లు” అనడం వినబడింది.

మా ఆయన ఒక్క మాటే అన్నాడు, “అందరిలో అదేం పనే?”

“మరేం చెయ్యమంటారు? మీరు చెప్పారా?” అన్నాను. నోరు తగ్గలేదు కానీ తల ఎత్తలేకపోయాను.

విషం కాదని తేలాక, ఇది మనసుకు సంబంధించింది, ఈ పూటే చూపించాలి, తల ఇలా కొట్టుకుంటే ప్రమాదం అని ఆ డాక్టరే ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడు. ఆ వీధికి పిచ్చాసుపత్రి వీధి అని పేరు. నేను తల నిండా కొంగు కప్పుకుని గుమ్మం దాటాను. ఆ డాక్టరు పెద్దాయన. మత్తు సూది ఇచ్చి వాడిని చాప మీద పడుకోబెట్టించాడు. మంచం మీద కట్టేస్తారనుకున్నాను, కట్టలేదు. తలుపు కూడా వెయ్యలేదు.

“ఈ మధ్య ఇంట్లో ఏమన్నా జరిగిందా? చావులు, గొడవలు?” అని అడిగాడు.

“ఏం జరగలేదండి. పంటల బాధే” అన్నాను.

“పక్క చేనాయన గట్టు మీద మందు తాగి పోలా?” అన్నాడు మా ఆయన.

“ఆయన మనకేమవుతాడు?” అన్నాను నేను.

“ఆయన్ని ముందు ఎవరు చూశారు?” అన్నాడు డాక్టరు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పోలీసులకు చెప్పిన మాట అప్పటికి మాకే అలవాటైపోయింది. “వీడేనండీ” అన్నాడు మా ఆయన.

“తర్వాత వీడికి ఏం చెప్పారు?”

“వీడికేం చెబుతామండీ? వీడికేం తెలుస్తుంది?” అన్నాను.

డాక్టరు చాప మీద నిద్రపోతున్న మా మరిదిని చూశాడు. “గట్టు మీద ఆయన ఎలా పడి ఉండగా చూశాడో, వీడూ అలాగే పడ్డాడమ్మా. నోటితో చెప్పలేనివాడు ఒంటితో చెప్పాడు. మీరు తాగాడనుకున్నారు” అన్నాడు.

వాడితో నేను అక్కడే ఉన్నాను కొన్నాళ్లు. మాత్రలకు వాడికి కాళ్లు తేలిపోయేవి. బట్టలు పాడుచేసుకుంటే నేనే కడిగేదాన్ని. మీసాలున్న మరిదికి వదిన స్నానం చేయించడమేమిటని పక్క గదివాళ్లు తొంగిచూసేవాళ్లు. ఆ సిగ్గు రెండు రోజుల్లో పోయింది. ఇంకో సిగ్గు పోలేదు. నేనేది అడిగినా వాడు ‘ఆ’ అనడం మానేశాడు. డాక్టరు అడిగితే అనేవాడు, నర్సు అడిగితే అనేవాడు. నేను “అన్నం పెట్టనా?” అంటే నా మొహం చూసి, తల గోడకు తిప్పుకునేవాడు. నేను మళ్లీ నవ్వులపాలు చేస్తానని అనుకున్నాడేమో. నేను అడగలేదు. అడిగినా ఏం చెబుతాడు?

అవునా కాదా అని తేలే ప్రశ్నలు వాడిని అడగొద్దని డాక్టరు నేర్పాడు. రెండు వస్తువులు చూపించి ఏది కావాలో పట్టుకోమనాలట, జరిగింది తెలియాలంటే చూపించమనాలట. అన్నం గిన్నె, అటుకుల గిన్నె రెండూ ముందు పెట్టాను. వాడు అటుకులు పట్టుకున్నాడు. అన్నేళ్లు నేను పెట్టిన అన్నం మారుమాటాడకుండా తిన్నాడు. వాడికి అటుకులు ఇష్టమని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంటికి పంపేటప్పుడు, “ఆ చనిపోయినాయన ఇంటికి ఒకసారి తీసుకెళ్లండి. అందరూ వెళ్లి చూసొచ్చారు కదా, ఇతన్నీ వెళ్లనివ్వండి” అన్నాడు డాక్టరు. దినం అయిపోయాక పరామర్శ ఏమిటని నాకు అనిపించింది. అయినా తీసుకుపోయాను.

ఆయన భార్య వసారాలో కూర్చుని, విచ్చీ విచ్చని పత్తికాయలు వలుస్తోంది. వీడిని చూసి, “రా అల్లుడూ, ఒంట్లో ఎట్టా ఉంది?” అంది. ఎప్పుడూ వీడు ఆమెను ‘అత్తా’ అనేవాడు, ఆమె వీడిని అల్లుడనేది. వీడు పోయి ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు. నేను మెట్టు దగ్గరే నిలబడ్డాను. అక్కడిదాకా వచ్చి చెప్పకుండా పోవడం నాకు చేతకాలేదు.

“మీ ఆయన్ని ముందు చూసింది మా ఆయన కాదు. వీడు. పోలీసులు వీడిని పట్టుకుంటారని అట్టా చెప్పించా” అన్నాను.

ఆమె చేతిలో కాయ అలాగే ఉంది. “అప్పటికి ప్రాణం ఉందా అక్కా?” అంది.

“నాకు తెలియదు.”

ఆమె వాడివైపు తిరిగింది. “ప్రాణం ఉందా అల్లుడూ?”

“ఆ” అన్నాడు వాడు.

ఆమె ఏడుపు అందుకుంది. ఆ ‘ఆ’ను నమ్మకూడదని నాకు తెలుసు. నమ్మనిచ్చి ఊరుకుంటే, పక్కన ఒకడుండగా పోయాడని ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందనీ తెలుసు. ఊరుకుందామనే అనుకున్నాను. మళ్లీ వార్డులో వాడి మొహం గుర్తొచ్చింది.

“వాడు దేనికైనా ఆ అంటాడమ్మా. అట్టా అడగొద్దు. చూపించమను” అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని, “మీ మావ ఎట్టా ఉన్నాడో చూపించు నాయనా” అంది.

 వాడు భుజం మీది తువ్వాలు తీశాడు. మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. దాని మీద ఒక తల ఉన్నట్టు, ఒక చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. రెండో చెయ్యి దోసిలిలా వంచి నీళ్లు పోశాడు. పోసిన నీళ్లు బయటికి వచ్చేసినట్టు, తువ్వాలు అంచుతో తుడిచాడు. మళ్లీ పోశాడు. మళ్లీ తుడిచాడు. పెదవులు కదిలాయి, “మావా, నీళ్లు” అన్నాడు. ఆ తర్వాత ఒళ్లో ఉన్నదాన్ని మెల్లగా నేల మీద పెట్టి, నోరు తెరిచి, కేక పెట్టబోయినవాడిలా ఆగిపోయాడు.

మా ఆయన విన్న కేక అది. దానికి ముందు ఇంత జరిగిందని మేం ఎవరం అనుకోలేదు.

ఆమె వాడి తల నిమిరింది. తర్వాత నా వైపు చూసింది. “ఒక్కడే పోయాడని రోజూ ఏడుస్తన్నా అక్కా. గట్టు మీద దిక్కులేకుండా పోయాడని. ఇన్నాళ్లు నాకెందుకు చెప్పలా?”

 పోలీసుల మాట మళ్లీ చెప్పబోయి మానేశాను. అది పోలీసులకు చెప్పాల్సిన మాట, ఈమెకు కాదు.

ఆమె గంపలోంచి రెండు దోసిళ్ల పత్తికాయలు తీసి వాడి ముందు పోసింది. వాడు వలవడం మొదలుపెట్టాడు. ఇద్దరూ వలుస్తున్నారు. ఎండ మెట్టు మీదికి వచ్చింది. కూర్చో అక్కా అని ఆమె అనలేదు. నేనూ కూర్చోలేదు.